నలభై అడుగుల రోడ్డు, ఎనిమిది అడుగుల గోడ

ఇప్పుడే గ్యాస్ బండి అబ్బాయి ఫోన్ చేశాడు. "మీ ఇల్లు కనిపిస్తోందండి, రావడానికే దారి లేదండి!" వెళ్లి చూస్తే నిజమే. మా వీధి చివర పక్క వెంచర్ వాళ్లు రాత్రికి రాత్రే గోడ లేపేశారు. సిమెంటు ఇంకా ఆరలేదు, అప్పుడే పైన గాజు పెంకులు గుచ్చేశారు. మేమేదో దొంగల ముఠా అయినట్టు! అటు సిలిండరు, ఇటు నేను. పాపం, ఆ అబ్బాయి కాలువ గట్టు మీదుగా చుట్టు తిరిగి వచ్చాడు.

కాకినాడ రామారావుపేటలో ఏ వీధిలో దూరినా ఇంకో వీధిలో తేలతాం. అదే ఊరి శివార్లలో ఇప్పుడు జరిగేదేమిటి? ఒక రైతు చేను కొనడం, మెరక చేయడం, ఏనుగు బొమ్మలతో ఆర్చి నిలబెట్టడం. (ఆ ఏనుగుల ఖర్చుతో ఒక కల్వర్టు వచ్చేది.) చేను ఎక్కడ ఆగితే రోడ్డూ అక్కడే ఆగుతుంది. రెండు వెంచర్ల మధ్య ఉన్నది ఒక్క బోదె, అంటే చిన్న పంటకాలువ. దాని మీద నాలుగు తూములు వేసే నాథుడు లేడు. స్కూలు బస్సు, ధాన్యం లారీ, రొయ్యల వ్యాను, అంబులెన్సు, అన్నీ ఆ ఒక్క గట్టు రోడ్డు మీదే పడాలి.

1975 నుంచి ప్రపంచంలో చాలాచోట్ల కొత్త వీధులు ఒకదానితో ఒకటి కలవడం తగ్గిపోతోందని 2020లో ఇద్దరు పరిశోధకులు వీధుల మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలు పెట్టి మరీ తేల్చారు. మా గ్యాస్ అబ్బాయిని అడిగినా చెప్పేవాడు. ఇళ్లు పడగొట్టి కట్టుకోవచ్చు, ఒకసారి పడిన వీధిని మార్చేదెవరు?

లేఅవుట్ రోడ్లను పంచాయతీకో మున్సిపాలిటీకో గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి కదా! దానమిచ్చిన రోడ్డుకు గోడేమిటని అడిగితే "సెక్యూరిటీ అండి" అన్నారు. ఎవరి నుంచి? నా నుంచా?

గోడ సంగతి అలా ఉంచండి, మా పుంత ఏమైంది? తాతల నాటి నుంచి ఎడ్ల బండ్లు నడిచిన దారి. ఒకాయన దాని మీద కొబ్బరి మొక్కలు వేశాడు, ఇంకొకాయన చెరువు గట్టు జరిపాడు, మిగిలిన ముక్క వెంచర్ పార్కులో కలిసింది. వాకింగ్ ట్రాక్ అట! శ్మశానానికి అదే దగ్గరి దారి. పోయినేడు మా వీధి పెద్దాయన పోతే, హారన్లు కొట్టే లారీల మధ్య నుంచి పాడె మోసుకెళ్లాం. పుంత సర్వే చేయించమని అర్జీ పెడితే ఆఫీసువాళ్లు "గ్రామ నక్షా జతచేయండి" అన్నారు. ఆ నక్షా వాళ్ల బీరువాలోనే ఉంది మహాప్రభో!