మహాసభకు జంకని పేతురు భోజనాల దగ్గర జంకాడు

“మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా.” యేసు శిష్యుడు పేతురు యెరూషలేములో యూదుల పెద్ద న్యాయసభ అయిన మహాసభ ముందు అన్న మాట ఇది, అపొస్తలుల కార్యములు 5:29. మన క్రైస్తవ సభల్లో ఈ వాక్యం గట్టిగా వినిపించేది ఎదురుగా ప్రభుత్వం ఉన్నప్పుడే. మైదానానికి పర్మిషన్ రాలేదనో, ఫలానా రాష్ట్రంలో మతమార్పిడి నిరోధక చట్టం తెచ్చారనో తెలియగానే పేతురు మాట మైకులోకి ఎక్కుతుంది. తప్పేం లేదు. కానీ బైబిల్లో మనుషుల చేత దేవుని మాట తప్పించింది రాజుల కత్తి ఒక్కటే కాదు. అంతకంటే సులువుగా ఆ పని చేసింది ‘మనవాళ్లు ఏమనుకుంటారో’ అన్న బెంగ.

ఇశ్రాయేలీయుల మొదటి రాజు సౌలునే చూడండి. ఆయన పైన ఇంకో రాజు లేడు, అప్పుడే యుద్ధం గెలిచాడు. శత్రువులైన అమాలేకీయుల్లో ఎవరినీ, వాళ్ల మందల్లో దేన్నీ మిగల్చొద్దని దేవుని ఆజ్ఞ. పనికిరానివాటిని నరికేసి బలిసిన గొర్రెల్ని, ఎడ్లను ఉంచుకున్నారు. వాళ్ల రాజు అగగునూ బతకనిచ్చారు. పైగా కర్మెలులో తన పేరిట ఒక శిల నిలబెట్టుకుని వచ్చాడు సౌలు. ఆ ఆజ్ఞ తెచ్చిన ప్రవక్త సమూయేలు కనపడగానే, చెప్పినట్టే చేశానన్నాడు. మరి నా చెవిన పడుతున్న ఈ గొర్రెల అరుపులేమిటని అడిగాడు ప్రవక్త. జనం తెచ్చారు, బలి ఇవ్వడానికేనని సర్దిచెప్పబోయాడు. ఇంకాస్త నిలదీస్తే అసలు సంగతి బయటపడింది: “జనులకు జడిసి” వాళ్ల మాట విన్నాడట.

కథ అక్కడితో అయిపోలేదు. రాజ్యం చేజారిందని సమూయేలు తేల్చేశాడు. వెళ్లిపోతున్న ఆయన అంగీ అంచు సౌలు పట్టుకుంటే అది చిరిగింది. అప్పుడైనా ఏం కోరాడు? పెద్దల ముందు, ఇశ్రాయేలీయుల ముందు నా పరువు నిలబెట్టు, నాతో రా అని. దేవుడి దగ్గర అంతా పోయింది, అయినా నలుగురిలో మాత్రం తల దించుకోకూడదు. ఇలాంటి మాట సింహాసనాల మీద కంటే పెళ్లిళ్ల ఇళ్లలో ఎక్కువ వింటాం.

అసలు ఆ ఆజ్ఞే క్రూరం కదా, దేవుడు చెప్పాడంటూ ఎవరైనా ఏమైనా చేయొచ్చా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. ఆ అధ్యాయం చదివి ఇబ్బంది పడని పాఠకుణ్ణి నేను నమ్మను. అయితే మహాసభ ముందు ఆ మాట అన్న పేతురు ఎవరినీ కొట్టలేదు, తానే దెబ్బలు తిని బయటికొచ్చాడు. ఐగుప్తు రాజు ఫరో చంపమని చెప్పినా వినక హెబ్రీయుల మగబిడ్డల్ని బతకనిచ్చిన మంత్రసానులు షిఫ్రా, పూయా పణంగా పెట్టింది తమ ప్రాణాలనే. దేవుని పేరు చెప్పి ఎదుటివాడి ఆస్తి, ప్రాణం అడిగేవాణ్ణి అనుమానించడానికి ఈ కొలత చాలు.

మళ్లీ పేతురు దగ్గరికే వద్దాం. దేవుడు పక్షపాతి కాడని, యూదుడు కాని రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట్లో తానే చెప్పిన మనిషి. అంతియొకయ పట్టణంలో అన్యజనుల (యూదులు కానివాళ్ల) విశ్వాసులతో కలిసే తినేవాడు. యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గర్నుంచి కొందరు యూదులు రాగానే మెల్లగా తప్పుకుని వేరే కూర్చున్నాడు. ఆయన్ను చూసి మిగతా యూదులూ లేచారు, చివరికి పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా. అక్కడ కొరడా లేదు, చెరసాల లేదు. సొంతవాళ్ల చూపు సరిపోయింది. అపొస్తలుడు పౌలు అందరి ముందే పేతురును కడిగేశాడు (గలతీ 2).

ఒకే బంతిలో కూర్చోవడం అనే ఈ గొడవ మన నేలకూ కొత్త కాదు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు ఇదే పరీక్ష ఎదురైంది. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లల్ని మీ బడికి పంపబోమన్నారు పైకులాల పెద్దలు. ఆయన, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందట: లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న 1 కొరింథీ మొదటి అధ్యాయం. మాదిగల్నే చేర్చుకున్నారు. పైకులాల పిల్లలు బడి మానేశారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ బాప్తిస్మాల వారసత్వం చెప్పుకునే మన చర్చిల్లో ఇవాళ ఏం నడుస్తోంది? మాలపల్లెకు ఒక మందిరం, మాదిగపల్లెకు ఇంకొకటి ఉన్న ఊళ్లు ఎన్నో. ‘దైవభక్తిగల క్రైస్తవ వధువు కావలెను’ అన్న పెళ్లి ప్రకటనలో మరుసటి మాట కులం. కమ్మ, రెడ్డి క్రైస్తవుల సంగతి చెప్పనక్కర్లేదు. కారణం అడిగితే అందరిదీ సౌలు జవాబే: మాకేం పట్టింపు లేదండీ, బంధువులు ఒప్పుకోరు.

కలెక్టరాఫీసు ముందు 5:29 చదివే పాస్టర్లు సంఘపెద్ద కూతురి పెళ్లిలో గలతీ 2 చదివి వివరించాలి. మరుసటి ఆదివారం ఆ పెద్ద కుటుంబం ఏ మందిరంలో కూర్చుంటుందో అప్పుడు చూద్దాం.