ఐదో రౌండుతో ఆగిపోయే పాఠం

సంచిలో 50 ఎర్రపూసలు, 50 తెల్లపూసలు. ఒక్కో పూస ఒక్కో జన్యువు ప్రతి. చూడకుండా రెండేసి తీస్తే ఒక్కో జత ఒక్కో కుందేలు. రెండూ తెల్లవైతే దానికి బొచ్చుండదు, చలికి చచ్చిపోతుంది. ఆ జతను పక్కన పెట్టి, మిగిలినవన్నీ మళ్లీ సంచిలో వేస్తారు. ప్రకృతివరణాన్ని (పరిసరాలకు తగినవే బతికి సంతానం పొందడం), జన్యు పౌనఃపున్యాన్ని (గుంపులో ఒక జన్యు రూపం వాటా) తరగతిలో చూపడానికి చాలామంది ఆడించే ఆట ఇది.

మొదటి రౌండ్లు రంజుగా ఉంటాయి. సగటున తెల్లపూసలు 25కు, తర్వాత సుమారు 17కు, 12కు, 10కి పడిపోతాయి. ఐదో రౌండయ్యేసరికి పీరియడ్ అయిపోతుంది. ఇంకో నాలుగు రౌండ్లలో తెలుపు తుడిచిపెట్టుకుపోతుందని పిల్లలు నోటుపుస్తకంలో రాసుకుంటారు. నా పేచీ అక్కడే.

ఆ అంకెల వరస చూడండి: 50ని రెండుతో, మూడుతో, నాలుగుతో భాగిస్తూ పోవడమే. తొమ్మిదో రౌండు తర్వాత కూడా ఐదు తెల్లపూసలు మిగులుతాయి. చుట్టూ 50 ఎర్రవి ఉన్నప్పుడు ఆ ఐదూ ఎర్రవాటితోనే జతకట్టే అవకాశం ఎక్కువ. ఎర్రపూస పక్కన దాక్కున్న తెలుపును చలి ఏమీ చేయలేదు. అందుకే పదో రౌండులో తరచుగా ఒక్క కుందేలూ చావదు. పిల్లలకు విసుగొస్తుంది. అసలు పాఠం మొదలయ్యేది మాత్రం ఆ విసుగులోనే.

మరో సంగతి. ఆట మొదటి నుంచి చివరిదాకా ఎర్రపూసలు 50కి మించవు, తగ్గేది తెలుపే. బహిర్గత జన్యువు (ఎర్రపూసలా ఒక్క ప్రతి ఉన్నా ప్రభావం చూపేది) దానంతట అదే వ్యాపిస్తుందన్న అపోహను గణితవేత్త హార్డీ 1908లోనే చిన్న లెక్కతో తోసిపుచ్చారు. అదే ఏడాది జర్మన్ వైద్యుడు వైన్‌బర్గ్ విడిగా అదే సూత్రం చెప్పారు.

అయినా 'లోపాలున్నవారికి' పిల్లలు పుట్టకుండా చేస్తే జాతి బాగుపడుతుందన్న వాదన సాగింది. సంతానం కలగకుండా బలవంతంగా శస్త్రచికిత్స చేయించే వర్జీనియా రాష్ట్ర చట్టాన్ని 1927లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ వాదన నైతికంగానే కాదు, లెక్కలోనూ నిలవదు. పదివేలలో ఒకరికి వచ్చే అంతర్గత వ్యాధి (తెల్లజతలా రెండు ప్రతులూ ఉంటేనే బయటపడేది) ఉందనుకుందాం. జబ్బు లేకుండా దాని జన్యువును ఒక్క ప్రతిగా మోసేవారు దాదాపు యాభై మందిలో ఒకరు. రోగులెవరికీ సంతానం కలగకపోయినా ఆ జన్యువు సగానికి తగ్గడానికి వంద తరాలు కావాలి. తరానికి పాతికేళ్ల చొప్పున 2,500 ఏళ్లు!

ఇంకో పీరియడ్ దొరికితే నిబంధన మార్చవచ్చు. తెల్లజతలన్నిటితోపాటు ఎర్రజతల్లోనూ కొన్నింటిని తీసేయించండి. మలేరియా ప్రాంతాల్లో సికిల్ సెల్ (కొడవలి కణ రక్తవ్యాధి) జన్యువు కథ దాదాపు ఇదే: ఒక్క ప్రతి ఉంటే మలేరియా నుంచి కొంత రక్షణ, రెండుంటే జబ్బు. ఇప్పుడు సంచిలో తెల్లపూసల వాటా కిందికి జారుతూ జారుతూ సున్నాకు చాలా పైనే నిలబడుతుంది.