పెద్దత్తయ్యకి రెండు నిమిషాలు

మా పెద్దత్తయ్య 96 ఏళ్ళు బతికింది. ఆవిడ గురించి మాట్లాడటానికి మా బావ నాకిచ్చిన టైము రెండు నిమిషాలు. అంటే ఏడాదికి ఒకటింపావు సెకను. నాకంటే ముందు మాట్లాడుతున్నవాళ్ళని వినే ఓపిక లేక కార్డు వెనకాల ఈ లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

పదమూడో రోజు కూడా అయిపోయాక వచ్చిన ఆదివారం, చెన్నై టీ నగర్‌లో పానగల్ పార్కు దగ్గర ఏసీ మినీ హాలు, యాభై అరవై మంది, తర్వాత భోజనాలు. ఇంతే విషయం. దీనికి మా బావ ఈవెంట్ కంపెనీని పెట్టాడు. వాళ్ళు మామూలుగా సంగీత్‌లూ పిల్లల బర్త్‌డేలూ చేస్తారట. వాళ్ళ తరఫున వచ్చిన అమ్మాయికి చెవిలో వైరు, చేతిలో ట్యాబు, ముందు టేబుల్ మీద హోటల్ రిసెప్షన్లలో అరచేత్తో కొట్టే గంట. సంస్మరణ సభలో గంటేమిటి బావా అంటే, "ప్రొఫెషనల్‌గా ఉంటుందిరా. నువ్వు కూడా క్రిస్ప్‌గా చెప్పు" అన్నాడు.

నేను 1942తో మొదలుపెట్టాను. అత్తయ్యకి అప్పుడు పదమూడేళ్ళు. జపాన్‌వాళ్ళు బాంబులేస్తారని ఏప్రిల్‌లో ప్రభుత్వమే ఊరు ఖాళీ చేయమంది. సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్న జూలో, బాంబులు పడితే తప్పించుకుని ఊరి మీద పడతాయని పులుల్నీ సింహాల్నీ కాల్చేశారు. జార్జిటౌన్‌లో మా తాతగారు ఇంటికి తాళం వేసి, నెల్లూరు బండిలో తలుపు దగ్గర చోటు లేక అత్తయ్యని కిటికీలోంచి లోపలికి తోస్తున్నారు. తల లోపల, కాళ్ళు ప్లాట్‌ఫారం వైపు.

టింగ్.

"థాంక్యూ సార్, వెరీ నైస్" అంది ఆ అమ్మాయి. మైకు లాగేసుకుంది. మిగతా 83 ఏళ్ళు నా జేబులో నాలుగు పేజీలుగా ఉండిపోయాయి. అత్తయ్య కిటికీలోనే ఉండిపోయింది.

దీనికి కూడా నేను పెద్దగా బాధపడను. కానీ నా తర్వాత మా బావ వాళ్ళ బాసు లేచాడు. ఆయన అత్తయ్యని ఎప్పుడూ చూడలేదు, ఆ మాట ఆయనే చెప్పాడు. చెప్పి, తల్లి గొప్పదనం నుంచి టీమ్‌వర్క్ దాకా, అక్కణ్ణించి ఈ క్వార్టర్ టార్గెట్ల దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను గంట వైపే చూస్తున్నాను. ఆ అమ్మాయి చేయి దాని మీదకి పోతే ఒట్టు. గంట చుట్టాలకి మాత్రమేనన్నమాట.

సరిగ్గా అప్పుడు వాచ్‌మన్ చిన్న చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. గేటుకి అడ్డంగా ఎవరిదో తెల్ల కారు ఉంది, వాటర్ ట్యాంకర్ లోపలికి రాలేకపోతోంది, నీళ్ళు రాకపోతే భోజనాలకి చేతులు కడుక్కోవడం కుదరదు, కొంచెం తెలుగులో అనౌన్స్ చేయండి సార్ అని. హాల్లో ఉన్నది మనవాళ్ళే కదా. నేను మైకు దగ్గరికి వెళ్ళాను. చీటీ చూపించగానే ఆ అమ్మాయి ఎదురుచెప్పకుండా మైకు ఇచ్చేసింది.

దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, కారు గురించి మాత్రమే చెబుదామనుకున్నాను. "గేటు దగ్గర తెల్ల కారు ఎవరిదో దయచేసి తీయండి, వాటర్ ట్యాంకర్ రావాలి" అన్నాను. అంతా నా వైపే చూస్తున్నారు, గంట కొట్టేవాళ్ళు లేరు, అత్తయ్య ఇంకా కిటికీలోనే ఉంది. కనీసం ఆవిడని బండి దింపుదామని, "బాంబులకి భయపడి వెళ్ళినవాళ్ళు, ఏమీ పడలేదని మళ్ళీ మద్రాసు వచ్చేశారండీ, వచ్చాక 1943లో నిజంగానే జపాన్ విమానం ఒకటి వచ్చి హార్బర్ దగ్గర బాంబులు వేసి పోయింది" అన్నాను.

వెనక వరుసలో ఒకాయన గభాలున లేచి, తాళాలు వెతుక్కుంటూ బయటికి పరిగెత్తాడు.

సంవత్సరాలు మనం ఇంగ్లీషులోనే చెప్తాం కదా, ఆ అమ్మాయికేమో తెలుగు రాదు. నేను కారు నంబర్లు చదువుతున్నానని అనుకుంది. వినయంగా ట్యాబులో రాసుకుంటోంది, చెవి వైరులో కింద సెక్యూరిటీకి చెబుతోంది. ఆ పరుగెత్తినాయన బండి నంబరు నిజంగానే 1943 అట, పాపం.

ఇక నన్ను ఆపేదెవరు? ఆంధ్ర మహిళా సభలో చేరి బెనారస్ యూనివర్సిటీ మెట్రిక్ పరీక్షకి కట్టడం, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం, వరసగా లాగించేశాను. పొట్టి శ్రీరాములుగారు మైలాపూర్‌లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి చనిపోవడం, మర్నాటి గొడవలకి, ఊరికీ ఊరికీ ఆపరేటర్లు కలిపే ట్రంక్ కాల్స్ ఊపిరాడనివ్వకపోవడం కూడా చెప్పాను. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు, సెక్రటేరియట్ గుమాస్తా అయిన మామయ్యని కర్నూలు పంపేశారు. అక్కడ ఆఫీసులన్నీ గుడారాల్లో. అత్తయ్య ఉద్యోగం వదలనంది, ఊరూ వదలనంది. మామయ్య గుడారంలోంచి ట్రంక్ కాల్ చేస్తే, మూడు నిమిషాలు కాగానే "త్రీ మినిట్స్ ఓవర్" అని ఆవిడే కట్ చేసేదట. మొగుడైనా సరే మూడే. కానీ మూడిచ్చింది కదా! కన్నకొడుకు రెండిచ్చాడు. ఈ మాట కూడా మైకులోనే అన్నాను, బావ వైపు చూస్తూ.

1953 అనగానే బావ వియ్యంకుడు డ్రైవరుకి ఫోన్ చేశాడు. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య ఆపరేటరు అక్కర్లేకుండా నేరుగా డయల్ చేసుకునే ఎస్‌టీడీ లైను దేశంలో మొదటిది పడిందనీ, ఆపరేటర్ల పొట్ట కొట్టడానికి పుట్టిన ఊరని అత్తయ్య కాన్పూరుని చివరిదాకా తిట్టిందనీ చెబుతుంటే, ముందు వరుసలో ఒకావిడ చెయ్యెత్తి, "మా స్కూటీ 1960 అండీ, అది మూల పెట్టాను, దాన్నీ తీయాలా?" అని అడిగింది. తీయక్కర్లేదమ్మా అన్నాను. మా బావ ముఖం గోంగూర పచ్చడి రంగుకి తిరిగింది.

1996 నాకు చాలా ఇష్టమైన భాగం. ఆ ఏడే మద్రాసు చెన్నై అయింది, ఆ ఏడే తెలుగుగంగ నీళ్ళు మొదటిసారి, ఊరికి మంచినీళ్ళిచ్చే పూండి రిజర్వాయరు చేరాయి. "పేరు వాళ్ళు మార్చుకున్నారు, నీళ్ళు మనం పంపాం" అనేది అత్తయ్య. కుళాయి నీళ్ళు దోసిట్లో పట్టి తాగి, "కృష్ణ నీళ్ళే, రుచి తెలుస్తోందిరా" అని మురిసిపోయేది. ఆ కుళాయికి వచ్చేది బోరు నీళ్ళని ఆవిడకి ఎవరం చెప్పలేదు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ట్యాంకర్ సంగతి కూడా కలిసొచ్చినట్టయింది, ముగింపు బాగా కుదురుతుందని నేను గొంతు సవరించుకుంటుండగా సెక్యూరిటీ అతను ఆయాసపడుతూ స్టేజి ఎక్కేశాడు.

"సార్, 1996 ఇంగ ఇల్ల సార్." ఇక్కడ లేదట.

అందరికీ అర్థమైంది. ఆ అమ్మాయికి కూడా. గంట ఒకసారి కాదు, అదేపనిగా కొట్టింది.

తెల్ల కారు ఆ ఈవెంట్ కంపెనీదేనని అన్నం దగ్గర తెలిసింది. చేతులు మాత్రం అందరం బాటిల్ నీళ్ళతో కడుక్కున్నాం.

నిన్న బావ ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టాడు, ఎడిటింగ్ కూడా కంపెనీవాళ్ళదే. వెనకాల ఫ్లూటు, పూలదండలో అత్తయ్య ఫోటో, బాసుగారి టీమ్‌వర్క్ మొత్తం ఉంది. నేను ఒక్కచోట కనిపిస్తాను, చాలా బాధగా, కళ్ళు తడిగా, "తెల్ల కారు ఎవరిదో దయచేసి తీయండి" అంటూ. కింద అమెరికా నుంచి మా పిన్ని కూతురు ఏడుస్తున్న బొమ్మలు పెట్టింది.

దాని వెనకే ఈవెంట్ ఖర్చులో నా వాటా ఎంతో చెబుతూ క్యూఆర్ కోడ్ వచ్చింది. ఇంకా కట్టలేదు. గంటకి విడిగా వేశారేమో బిల్లు చూపించమన్నాను.