చేపల బజారు అనే మాట

మొన్న మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో, పిల్లల పాటలు మొదలయ్యే ముందు హాలంతా గోలగా ఉంది. మైకు పట్టుకున్నాయన, "కాస్త నిశ్శబ్దంగా ఉండండి, ఇదేమన్నా చేపల బజారా?" అన్నారు. హాలంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి నవ్వలేదు. "నాన్నా, చిన్న నానమ్మ గురించా?" అని మెల్లగా అడిగింది.

మాది విశాఖ పెదజాలరిపేట. చిన్నాన్న వేటకి వెళ్తాడు, పిన్ని ఆ చేప అమ్ముతుంది. డిసెంబరు సెలవుల్లో మేము వెళ్ళినప్పుడు, చీకటితోనే ఇంటిల్లిపాదీ చిన్నాన్న ఫైబర్ బోటు ఎక్కాం. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పడవ ఎక్కకూడదంటారు. సముద్రం పక్కనే పుట్టి, డెబ్బై ఏళ్ళు చేపలమీదే బతికిన మా అమ్మకి అదే మొదటిసారి. ఆ కట్టుబాటు మీద నాకు ఇప్పటికీ కోపమే. అలలు దాటేదాకా అమ్మ కళ్ళు మూసుకుని గంగమ్మని తలుచుకుంది. దాటాక వెనక్కి తిరిగి, దీపాలతో వెలుగుతున్న ఊరిని చాలాసేపు చూసింది.

రొయ్యలకి వేసేది మూడు పొరల వల, మావాళ్ళు డిస్కో వల అంటారు. వల పైకి లాగాక అసలు పని మొదలైంది. తెల్ల రొయ్యలు, నాలుగైదు కానాగంత చేపలు, దారాలు కొరికేస్తున్న పీతలు. మా అమ్మాయి ఒక రొయ్యని పట్టి లాగబోతే చిన్నాన్న చెయ్యి ఆపాడు. "మీసం పట్టుకుని లాగీకు తల్లీ, తల ఊడొచ్చేద్ది. ఒక్కో పోగూ తప్పించు." తల మీది ముల్లు దాని వేలికి గుచ్చుకుంది. అయినా వదల్లేదు. ఒక్క రొయ్యకి అయిదు నిమిషాలు పట్టింది.

ఒడ్డున పిన్ని గంపతో సిద్ధంగా ఉంది. ఐసు తగలకపోతే రొయ్య తల నల్లబడుతుంది, ధర సగానికి పడుతుంది. అందుకే ఒడ్డున వేలంపాట గట్టిగా, గబగబా సాగాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇల్లు గడవాలంటే మిగతా రోజుల్లో ఒక్క రూపాయి కూడా జారనివ్వకూడదు. ఆ అరుపుల్లో మా స్కూలు ఫీజులున్నాయి, నేను ఇక్కడికి ఎక్కి వచ్చిన విమానం టికెట్ ఉంది.

మైకు పట్టుకున్నాయన చెడ్డవారు కాదు. కార్యక్రమం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా, ఉండి కుర్చీలు సర్దే మనిషి. ఆ మాట ఆయన కనిపెట్టింది కాదు, మన అందరి నోళ్ళలోనూ ఉంది. కాలేజీ హాస్టల్లో నేనూ అన్నాను, మా ఊరు ఏదో ఎవరికీ తెలియకూడదని. అది తలుచుకుంటే ఈ రోజుకీ బాధగా ఉంటుంది.

ఉగాది కార్యక్రమానికి స్క్రిప్టు రాస్తున్నారని విన్నాను. కమిటీ వారికి నా విన్నపం ఒక్కటే: ఆ మాట ఇక మన మైకులో వినిపించనివ్వకండి. వీలైతే మా అమ్మాయికి అయిదు నిమిషాలు ఇవ్వండి. చిన్నాన్న ఇచ్చిన పాత వల ముక్క మా ఇంట్లో ఉంది. రొయ్యని మీసం తెగకుండా ఎలా విడిపిస్తారో మన పిల్లలకి చూపిస్తానంటోంది.