లైసెన్సు తనిఖీకి పేరెందుకు?

2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు, ఇంటర్నెట్ లేనివాళ్లు దాన్ని యాక్టివేట్ చేసుకోవాలంటే, అంటే సరైన కాపీయేనని ఖాయం చేయించుకోవాలంటే, ఫోన్ చేయాల్సి వచ్చేది. తెర మీద 50 అంకెలు గుంపులు గుంపులుగా కనిపించేవి. ఒక్కో గుంపూ చదివి వినిపిస్తే అవతలి నుంచి 42 అంకెలు తిరిగి చెప్పేవారు. వాటిని తప్పు లేకుండా కొడితే పని పూర్తయినట్టే. విసుగు పుట్టించే తతంగమే. అయినా ఆ తతంగంలో వాడేవాళ్ల పేరు లేదు, ఈ-మెయిల్ లేదు, పుట్టినతేదీ లేదు. ఆ 50 అంకెల్లో ఉన్నదల్లా ప్రోడక్ట్ కీ తాలూకు గుర్తు, ప్రాసెసర్, హార్డ్ డిస్క్, నెట్‌వర్క్ కార్డు వంటి పది భాగాల వివరాల నుంచి తీసిన చిన్న చిన్న సంఖ్యలు. వాటిని పట్టుకుని అసలు భాగాల నంబర్లు రాబట్టే వీలు లేకుండా కుదించారు కూడా. పేరూ ఊరూ చెప్పే రిజిస్ట్రేషన్ వేరుగా ఉండేది. అది ఇష్టమైతేనే.

ఇరవై ఏళ్లు దాటిన ఈ సంగతిని ఇప్పుడు తవ్వితీయడానికి కారణం ఉంది. ఒక లైసెన్సు ఒకే యంత్రంలో ఉందా లేదా అన్నది తేల్చడానికి మనిషెవరో తెలియనక్కర్లేదని ఆ రోజుల్లోనే రుజువైంది. అప్పట్లో ఆ పద్ధతి మీద వచ్చిన అనుమానాలు తక్కువేం కావు. ఇవాళ్టి పరిస్థితితో పోలిస్తే మాత్రం అదే ఎంతో మర్యాదగా అనిపిస్తోంది.

2021లో విండోస్ 11 వచ్చింది. హోమ్ ఎడిషన్‌కు మొదటినుంచీ, ప్రోను సొంతానికి వాడుకునేవాళ్లకు 2022 నుంచీ, మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరైంది. కొత్త కంప్యూటరు దేశం అడుగుతుంది, కీబోర్డు అడుగుతుంది, వైఫై అడుగుతుంది. ఆపైన ఈ-మెయిల్ గడి దగ్గర ఆగిపోతుంది. ‘ఇప్పుడొద్దు’ అని నొక్కడానికి అక్కడ మీట లేదు. తెలిసినవాళ్లు షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, నల్లటి కిటికీలో ఒక ఆదేశం కొట్టి తప్పించుకునేవారు. ఆ దారులను కూడా 2025 నుంచి పరీక్షా వెర్షన్లలో ఒక్కొక్కటిగా మూసేస్తూ వచ్చారు. లైసెన్సు నిలబడడానికి ఈ ఖాతా అవసరం లేదు. డిజిటల్ లైసెన్సు యంత్రపు హార్డ్‌వేర్ గుర్తుకే ముడిపడి ఉంటుంది. మదర్‌బోర్డు మార్చినప్పుడు ఖాతా ఉంటే పని తేలిక, అంతవరకు నిజమే. తేలిక కోసం ఇచ్చేది ఇష్టమున్నవాళ్లు తీసుకునేలా ఉండాలి. గుమ్మం దగ్గరే నిలిపి రాబట్టుకునే పద్ధతిని మేము అంగీకరించలేం.

సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకు తమ కష్టఫలాన్ని కాపాడుకునే హక్కు ఉంది. ఈ విషయంలో మాకు రెండో మాట లేదు. దొంగ కాపీలు అమ్ముకుని బతికేవాళ్ల పక్షాన మేము మాట్లాడడం లేదు. ‘ఈ కాపీ సరైనదేనా?’ అన్న ప్రశ్నకు అవును, కాదు అనే జవాబు చాలు. దానికి మించి అందుకునే ప్రతి వివరానికీ వేరే కారణం చెప్పాలి, వేరే అనుమతి అడగాలి. మా అభ్యంతరమంతా ఆ మించిన భాగం గురించే.

అది ఎంత దూరం పోగలదో 2014 అక్టోబరులో తెలిసింది. అడోబ్ సంస్థ ఈ-పుస్తకాలు చదువుకోవడానికి ఇచ్చే డిజిటల్ ఎడిషన్స్ నాలుగో వెర్షన్, పాఠకుడు ఏ పుస్తకం తెరిచాడు, ఏయే పేజీలు తిప్పాడు అన్న వివరాలను సంస్థ సర్వర్‌కు పంపుతున్నట్టు బయటపడింది. అదీ ఎన్‌క్రిప్షన్ లేకుండా, దారిలో ఎవరైనా చదువుకోగల మామూలు అక్షరాల్లో. సంస్థ ఇచ్చిన సంజాయిషీలో ముందున్న మాట లైసెన్సు ధ్రువీకరణ. పుస్తకం కొన్నాడా లేదా అని చూడడానికి పేజీల లెక్క ఎందుకు? ఎన్నాళ్లు చదివితే ఎంత ధర అన్న పద్ధతులు ప్రచురణకర్తలు పెట్టుకోవచ్చు, వాటికి ఆ లెక్క కావాలన్నది వాళ్ల జవాబు. అంటే ఎప్పుడో ఎవరికో అవసరం కావచ్చని, ఇప్పుడే అందరి దగ్గరా తీసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన సవరణ దారిలో పోయే సమాచారానికి ఎన్‌క్రిప్షన్ తొడిగింది. మనిషి ఏ రాత్రి ఏ పుస్తకంలో ఎంతసేపు ఉన్నాడన్నది అతని మనసుకు సంబంధించిన విషయం. దాన్ని లైసెన్సు అనే సంచిలో వేసి తీసుకుపోవడం ఎవరికైనా బాధ కలిగించాల్సిన పని.

ఎన్నిసార్లు అడుగుతున్నారన్నదీ ముఖ్యమే. 2006లో మైక్రోసాఫ్ట్, కాపీ అసలైనదా కాదా అని చూసే ‘విండోస్ జెన్యూయిన్ అడ్వాంటేజ్’ నోటిఫికేషన్లను మిగతా ముఖ్యమైన అప్‌డేట్ల వరసలోనే పంపింది. అది రోజూ సంస్థ సర్వర్‌ను సంప్రదిస్తోందని తెలిసినప్పుడు గగ్గోలు పుట్టింది. ముందుగా స్పష్టంగా చెప్పకపోవడమే అందుకు కారణం. తర్వాత రెండు వారాలకోసారి అని తగ్గించారు. అమెరికాలో స్పైవేర్ నిరోధక చట్టాల కింద దావాలు పడ్డాయి, నెగ్గలేదు. కోర్టులో ఏం తేలినా, ఆ ఉదంతం చేసిన పెద్ద నష్టం వేరే ఉంది. భద్రతా అప్‌డేట్లతో పాటు తనిఖీ సరంజామా కూడా దిగుతుందని భయపడినవాళ్లకు అప్‌డేట్లనే ఆపేయాలనిపిస్తుంది. రోగం రాకుండా ఇచ్చే మందులో ఇంకేదో కలిపారని తెలిస్తే ఎవరు మింగుతారు?

మరుసటి ఏడాది ఆగస్టులో అదే వ్యవస్థ సర్వర్లు సుమారు 19 గంటలపాటు తప్పుడు జవాబులిచ్చాయి. డబ్బు పెట్టి కొన్నవాళ్లవే దాదాపు 12 వేల కంప్యూటర్లు నకిలీవిగా నమోదయ్యాయి. తనిఖీ చేసేవాడు తప్పు చేస్తే నిర్దోషిత్వం నిరూపించుకునే భారం కొన్నవాడి మీద పడుతుంది.

యాపిల్ పద్ధతి లైసెన్సు తనిఖీకి దగ్గరి చుట్టం. 2020 నవంబరు 12న మ్యాక్‌ఓఎస్ బిగ్ సర్ విడుదలైన రోజు, ఎందరో మ్యాక్ వినియోగదారులకు యాప్‌లు తెరుచుకోవడం గగనమైంది. యాప్ తయారీదారు సర్టిఫికెట్ చెల్లుతోందా అని యంత్రం ఒక సర్వర్‌ను అడుగుతుంది. ఆ రోజు సర్వర్ మొరాయించింది. ఆ ప్రశ్నలు ఎన్‌క్రిప్షన్ లేకుండా పోతున్నాయన్న సంగతి అప్పుడే అందరి దృష్టికీ వచ్చింది. ఏ తయారీదారు యాప్‌ను ఏ క్షణాన తెరిచారో దారిలో కాపు కాసినవాడు ఊహించగలడు. తాము ఈ వివరాలను వినియోగదారుల గుర్తింపుతో కలపలేదని యాపిల్ చెప్పింది. ఐపీ చిరునామాలు నమోదు చేయడం ఆపేసి, ఉన్నవి తొలగిస్తామనీ ప్రకటించింది. దుర్బుద్ధి లేకపోయినా ప్రశ్న అడిగిన వేళ, అడిగిన చోటు రెండూ సమాచారమేనని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాలన్న ఆలోచన. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగిశాక ఇది మరింతమందికి వస్తోంది. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం లేదనో, ప్రాసెసర్ పాతదనో, బాగా పనిచేస్తున్న యంత్రాలకు విండోస్ 11 ఎక్కదు. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు కావాలంటే నమోదు చేసుకోవాలి. డబ్బు కట్టి తీసుకునేవాళ్లకూ అక్కడ మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పదు. ఐరోపా ఆర్థిక ప్రాంతంలో మాత్రం వినియోగదారుల సంఘాల ఒత్తిడి తర్వాత డబ్బు కట్టాలి లేదా సెట్టింగులను సంస్థ సర్వర్లలో బ్యాకప్ చేసుకోవాలి అన్న షరతులు ఎత్తేశారు, ఖాతా మాత్రం అలాగే ఉంది. సంఘంగా అడిగితే షరతులు కదులుతాయని దీనివల్ల తెలుస్తోంది.

ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఈ గొడవ మొదటినుంచీ లేదు. దాని మూలభాగమైన కెర్నల్‌కు వర్తించే జీపీఎల్ అనే లైసెన్సు రెండో వెర్షన్‌లో, ప్రోగ్రామును నడపడంపై ఆంక్ష లేదని సూటిగా రాసి ఉంది. నడిపే హక్కు పుట్టుకతోనే వచ్చాక తనిఖీ చేయడానికేం మిగులుతుంది? ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ కాపీని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, హార్డ్ డిస్క్ ముట్టుకోకుండా వైఫై అందుతోందా, ప్రింటరు కదులుతోందా, శబ్దం వస్తోందా చూసుకోవచ్చు. ఒక సాయంత్రం సరిపోతుంది. మారాలనుకునేవాళ్లు అలాగే మొదలుపెట్టాలని మా సలహా. విండోస్ 11 చాలా యంత్రాల్లో డిస్క్‌ను దానంతటదే ఎన్‌క్రిప్ట్ చేసి, దాన్ని తిరిగి తెరిచే రికవరీ కీని ఖాతాలో దాస్తుంది. ఆ కీని ముందే కాగితం మీద రాసుకోకుండా డిస్క్ జోలికి వెళ్తే సొంత ఫొటోలే చేజారతాయి.

ఉన్న కష్టాలు దాచి మారమని చెప్పడం నిజాయితీ కాదు. కొన్ని ఆన్‌లైన్ ఆటల్లో మోసాన్ని పట్టే యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో నడవదు. ఆఫీసు నుంచి వచ్చిన పత్రాన్ని, మైక్రోసాఫ్ట్ ఆఫీసుకు బదులు వాడే లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే పట్టికలు పక్కకు జరగొచ్చు. మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో నిర్ణయించి పదేళ్లలో సుమారు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చి, 2017లో వెనక్కి మళ్లాలని తీర్మానించింది. అదే జర్మనీలో ష్లేస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 30 వేల కంప్యూటర్లను మారుస్తామని 2024లో ప్రకటించింది. లినక్స్ అన్నంత మాత్రాన గోప్యతకు పూచీ దొరికినట్టూ కాదు. 2012లో ఉబుంటు అనే లినక్స్ రకం 12.10 వెర్షన్‌లో, సొంత కంప్యూటర్‌లో ఫైలు వెతికితే ఆ మాటలు బయటి సర్వర్‌కు వెళ్లి అమెజాన్ సరుకులు ప్రత్యక్షమయ్యేవి. ఎవరెంత మొత్తుకున్నా అది డిఫాల్ట్‌గా ఆగింది 2016లోనే. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చి బ్రౌజర్‌లో మళ్లీ అదే ఖాతాతో లాగిన్ అయితే ఎంత మిగిలినట్టు?

లైసెన్సు తాళాన్ని విరగ్గొట్టే క్రాక్ ఫైలు వేసుకుంటే తనిఖీ పీడ వదులుతుందనుకునేవాళ్లతో ఒక్క మాట. ఆ ఫైలుతో వచ్చే సూచనల్లో మొదటిది తరచూ ‘యాంటీవైరస్ ఆపేయండి’ అనే ఉంటుంది. ఒక సంస్థ సర్వర్‌కు భయపడి, ముక్కూమొహం తెలియనివాడికి కంప్యూటర్ మీద పూర్తి అడ్మిన్ అధికారం అప్పగించకండి.

వినియోగదారులు ఎక్కడికి మారినా మారకపోయినా తయారీదారుల బాధ్యత తగ్గదు. తనిఖీ జరిగిన ప్రతిసారీ ఏ రోజు, ఏ సర్వర్‌కు, ఏమేం పంపారో అదే యంత్రంలో మామూలు భాషలో ఒక వరుస రాసి ఉంచాలి. విండోస్‌లో, యంత్రం సంస్థకు పంపే డయాగ్నస్టిక్ డేటాను చూపించే వీక్షణి 2018 నుంచే ఉంది కాబట్టి ఇది చేయలేని పనేం కాదు. లైసెన్సు తనిఖీని భద్రతా అప్‌డేట్ల నుంచీ, వాడకపు లెక్కల నుంచీ విడదీయాలి. సర్వర్ పలకని రోజున కొన్నవాడి పని ఆగకూడదు. అందుకున్న వివరాలు ఎన్నాళ్లు దాస్తారో కొనకముందే చెప్పాలి. ఆ మొదటి తెర మీద, ఈ-మెయిల్ గడి కింద, ‘ఖాతా లేకుండా కొనసాగించు’ అన్న మీట తిరిగి పెట్టాలి.