నోటికి టేప్: గురక ఆగితే సరిపోయిందా?

గురక పోతుంది, నోటికి టేప్ వేసుకుని పడుకోండని రీల్స్‌లో ఊదరగొట్టేవాళ్లు ఒక్క మాట అడగరు. అసలు ఆ నోరు రాత్రిపూట ఎందుకు తెరుచుకుంటోంది?

ముక్కుతో పీల్చడం మంచిదే, అందులో పేచీ లేదు. గాలి వెచ్చబడి, తడి పట్టి లోపలికెళ్తుంది, నోరు ఎండదు, పళ్లు పాడవవు. కానీ ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య గోడ, వంకరగా ఉన్నా, అలర్జీతో లోపల వాచినా, పాలిప్స్ అనే మెత్తటి కండ లోపల పెరిగినా నోరే దిక్కు. ఉన్న ఆ ఒక్క దారీ మూసేస్తే ఎలా?

"ముందు మూడు నిమిషాలు ముక్కుతో పీల్చి చూసుకోండి, ఇబ్బంది లేకపోతే వేసుకోండి" అంటారు. అదీ సగం సలహానే. కూర్చున్నప్పటి ముక్కు వేరు, పడుకున్నాక వేరు. వెల్లకిలా పడుకోగానే లోపలి పొరల్లోకి రక్తం చేరి ఉబ్బుతాయి. పక్కకి తిరిగితే కిందవైపు రంధ్రం బిగుసుకుంటుంది. పైగా కొన్ని గంటలకోసారి రెండు రంధ్రాలూ వంతులేసుకుని మూసుకుంటాయి. దూలం వంకరున్న మనిషికి బాగున్న రంధ్రం మూసుకునే వంతు తెల్లవారుజామున వచ్చిందనుకోండి, పదింటికి పాసైన ముక్కు మూడింటికి ఫెయిల్.

అసలు భయం గురక తగ్గినవాళ్లతోనే. శబ్దం తగ్గింది కాబట్టి జబ్బు తగ్గిందనుకుంటారు. నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు స్లీప్ అప్నియా. అందులో అడ్డం పడేది గొంతులో, నాలుక మొదట్లో, మెత్తటి అంగిలి వెనక. టేప్ ఉండేది పెదాల మీద. ఊపిరి 10 సెకన్లకు తగ్గకుండా ఆగడమో, బాగా సన్నగిల్లడమో గంటకి 5 సార్లు గానీ ఆపైన గానీ అయితే అప్నియా కింద లెక్క, 30కి చేరితే తీవ్రం. ఇంట్లోనే చేసుకునే స్లీప్ టెస్ట్‌లో ఇది తేలుతుంది, టేప్‌తో తేలదు. అప్నియా ఉన్నవాళ్ల నోరు మూసి చూసిన 2024 నాటి అధ్యయనంలో కొందరికి గాలి బాగా ఆడింది, నోటితో ఎక్కువగా పీల్చేవాళ్లకి మాత్రం ఇంకా తగ్గింది. మీరు ఏ బాపతో రీల్ చేసేవాడికేం తెలుసు?

మందు తాగిన రాత్రి, నిద్రమాత్ర వేసుకున్న రాత్రి, పుల్లతేన్పులూ వాంతులూ ఉన్నప్పుడు వద్దే వద్దు. వాంతి బయటికి రాక ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పిల్లలకైతే ఆలోచనే వద్దు. వాళ్లు నోరు తెరిచి పడుకుంటున్నారంటే ముందు అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే గ్రంథులు) వాచాయేమో డాక్టరుకి చూపించాలి.

టెస్ట్‌లో అప్నియా లేదని తేలి, ముక్కు బాగుండి, అయినా వేసుకుంటానంటే చర్మానికి అంటించే పేపర్ టేప్ చిన్న ముక్క, పెదాల మధ్యలో నిలువుగా, రెండు మూలలూ వదిలేసి. ఒక చివర మడిచి పెట్టుకోండి, లాగితే ఊడొస్తుంది. నోరు గట్టిగా తెరిస్తే దానంతటదే ఊడిపోవాలి. అడ్డంగా మొత్తం మూసేది కొనకండి.

ముక్కు దిబ్బడే కారణమైతే వైద్యం ముక్కుకి చేయించుకోండి. వెంటనే తెరిచే చుక్కల మందు మూడు రోజులు దాటి వాడితే ఎదురు తిరిగి దిబ్బడ పెరుగుతుంది. డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రేకి కొన్ని రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి. కొట్టేటప్పుడు మొన దూలం వైపు కాకుండా అదే వైపు కంటి బయటి మూలకి చూడాలి, లేకపోతే ముక్కులోంచి రక్తం కారొచ్చు.