డాలర్ దొరవారి సన్నిధికి

శ్రీ డాలర్ దొరవారికి,

చమురు బేరాల్లో తమరి పని అయిపోయిందని ఊరంతా ఒకటే చాటింపు. 2024 జూన్‌లోనైతే, సౌదీతో తమరి అమెరికా రాసుకున్న యాభై ఏళ్ల చమురు ఒప్పందం గడువు తీరిందంటూ వాట్సాప్‌లో తమరికి పెద్దకర్మ కూడా చేసేశారు. అసలు అలాంటి గడువు కాగితమే లేదు. 1974 జూన్‌లో సంతకాలైంది ఆర్థిక సహకార కమిషన్ మీద. చమురు డాలర్లకే అమ్మాలన్న షరతు అందులో లేదు. జరగని పెళ్లికి విడాకులు ఇప్పించడంలో మావాళ్లది అందెవేసిన చెయ్యి.

తమరిని గెంటే ప్రయత్నాలు మాత్రం నిజమే. 2000 నవంబరులో ఇరాక్ తన చమురుకి యూరోలు అడిగింది. 2003లో సద్దాం కూలగానే మళ్లీ తమరి లెక్కే. వెనిజులా 2018లో 'పెట్రో' అనే డిజిటల్ నాణెం వదిలి, 2024 జనవరిలో మూసేసింది. అదే 2018లో షాంఘై మొదలెట్టిన చైనా యువాన్ ముడిచమురు ఫ్యూచర్స్ (ముందే ధర కుదుర్చుకునే బేరాలు) మాత్రం బతికే ఉన్నాయి.

ఇక మా సంగతి. 2022 జూలైలో రిజర్వు బ్యాంకు విదేశీ వ్యాపారంలో రూపాయికి దారి తెరిచింది. రష్యా సరుకుకైతే, అక్కడి బ్యాంకు పేర మా బ్యాంకులో ప్రత్యేక వోస్ట్రో ఖాతా తెరుస్తారు. సరుకు కొన్న మావాడు అందులో రూపాయలు జమ చేస్తాడు. రష్యావాడు మా దగ్గర మందులో యంత్రాలో కొంటే, అమ్మిన మావాడికి అందులోంచే చెల్లింపు. మిగిలితే ప్రభుత్వ బాండ్లు కొనుక్కోవచ్చు. తమరి ఊసే లేదు.

చిక్కల్లా ఆ 'మిగిలితే' దగ్గరే. 2022-23లో మేం రష్యా నుంచి తెచ్చుకున్నది సుమారు 4,600 కోట్ల డాలర్ల సరుకు, పంపింది 300 కోట్ల చిల్లర. పదిహేను బళ్లు వస్తే ఒక బండి పోయింది. ఆ రూపాయలు పట్టుకుని మాస్కోవాడు ఏ అంగడికి పోవాలి? 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ మొర ఇదే: వందల కోట్ల రూపాయలు మీ బ్యాంకుల్లో పడున్నాయి, వేరే కరెన్సీలోకి మారితేగాని పనికిరావు. 2012లో ఇరాన్ చమురు బిల్లులో 45 శాతం యూకో బ్యాంకు ద్వారా రూపాయల్లో కట్టాం. అది కాస్త నడిచిందంటే, ఇరాన్‌వాళ్లకి మా బాస్మతి కావాలి గనక. పులావు వండుకునేవాడికి రూపాయి అంటగట్టొచ్చు.

అందుకే రష్యా చమురు అమ్మేవాళ్లు దుబాయ్, అబుదాబిల కరెన్సీ అయిన దిర్హంలు అడిగారు. దిర్హం ఎవరు? డాలరుకి 3.6725, 1997 నుంచి కదల్లేదు. (సౌదీ రియాలు 3.75, అది 1986 నుంచి.) బ్యారెల్‌కి ఇన్ని డాలర్లని ముందు బేరం తెగుతుంది, ఆపైన గుణించి దిర్హంల్లో బిల్లు రాస్తారు. అంటే కండువా మార్చుకుని తమరే వచ్చి పంక్తిలో కూర్చున్నారు. దుబాయ్‌లో పనిచేసే నిజామాబాద్ కూలీకి ఈ గుట్టు ఎప్పుడో తెలుసు: తమరి ముందు రూపాయి జారిన రోజే అతను ఇంటికి డబ్బు పంపుతాడు.

ఒక్కచోట మాత్రం తమరికి దెబ్బే. దిర్హం న్యూయార్క్ బ్యాంకుల మీదుగా పోనక్కర్లేదు. తమరైతే ఆ దారే పోవాలి, అక్కడే అమెరికా ఆంక్షల గేటు. 2014లో ఆ గేటు దగ్గర ఫ్రెంచి బ్యాంకు బీఎన్‌పీ పారిబాకి పడిన జరిమానా దాదాపు 900 కోట్ల డాలర్లు. తమరికి శత్రువుల్ని పెంచింది ఆ గేటే, రూపాయి కాదు.

2023 ఆగస్టులో ఇండియన్ ఆయిల్ అబుదాబి ప్రభుత్వ చమురు సంస్థ అడ్నాక్‌కి 10 లక్షల బ్యారెళ్ల సొమ్ము రూపాయల్లోనే కట్టింది. మేం కొనే లెక్కన అది అయిదారు గంటల సరుకు.

ఇట్లు,
పొద్దున్నే తమరి రేటు చూడందే కాఫీ దిగని గుమాస్తా

తా.క.: వాణిజ్యం లెక్కలు కూడా తమరిలోనే రాసినందుకు మన్నించాలి. రూబుళ్లలో రాస్తే, 'డాలర్లలో ఎంత?' అని అడుగుతారు.